కంటికి కనపడని విద్యుత్ కంచె మందను నిలబెడుతుందా?

మేకలమంద:

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర 18 మేకలు, 4 ఆవులు ఉన్నాయి. అవి మేసే చోటు వాలుగా, రాళ్లమయంగా ఉండడం వల్ల గుంజలు పాతడం చాలా కష్టమవుతోంది. ఒక అంచున బాట ఉంది, మరో అంచున పొదలు దట్టంగా పెరిగి ఉన్నాయి. పెంపుడు కుక్క ఆవరణ దాటకుండా నేలలో తీగ పూడ్చి, దాని మెడకు పట్టెడ కట్టే పరికరం ఒకటి నా దగ్గర వాడకం లేకుండా పడి ఉంది. ఆ తీగనే పొడిగించి మేత భూమి చుట్టూ పూడ్చి, పట్టెడలు మేకలకు కడితే సరిపోతుందా? తీగలో పారే కరెంటు వల్ల పైన నడిచే పశువులకు, ముఖ్యంగా వాన పడినప్పుడు, ప్రమాదం ఉంటుందా? మందలో అన్నిటికీ పట్టెడ కట్టాలా, ముందు నడిచే రెండు మూడింటికి కడితే చాలా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

తీగలమనిషి:

మీ రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అక్కడే చాలామంది పొరబడతారు. పూడ్చిన తీగలో షాక్ కొట్టే కరెంటు ఉండదు. ట్రాన్స్‌మిటర్ అనే పెట్టె ఆ తీగలోకి చాలా తక్కువ శక్తి గల రేడియో సంకేతాన్ని పంపుతుంది, ఆ సంకేతం తీగ చుట్టూ కొద్ది దూరం వరకు అయస్కాంత క్షేత్రంగా వ్యాపిస్తుంది, పట్టెడలోని చిన్న తీగచుట్ట దానిని పసిగడుతుంది. పశువు దగ్గరకు వస్తే మొదట శబ్దం వస్తుంది, ఇంకా ముందుకు వస్తే పట్టెడలోని బ్యాటరీ నుంచే షాక్ వస్తుంది. కాబట్టి వానలో తీగ మీద ఎవరు నడిచినా భయం లేదు.

మామూలు విద్యుత్ కంచెకూ దీనికీ తేడా ఇక్కడే ఉంది. మామూలు కంచెలో ఎనర్జైజర్ అనే యంత్రం దాదాపు సెకనుకు ఒకసారి చిన్న తాకిడిని తీగలోకి పంపుతుంది, అది పశువు ఒంటి గుండా గిట్టల్లోకి, అక్కడి నుంచి నేలలోకి దిగి, ఎర్తు కడ్డీల ద్వారా తిరిగి యంత్రానికి చేరినప్పుడే షాక్ తగులుతుంది. నేల ఎండిపోతే ఆ దారి తెగిపోయి షాక్ మందగిస్తుంది. పట్టెడలో అలా కాదు, మెడకు ఆనుకుని ఉన్న రెండు లోహపు మొనల మధ్యనే కరెంటు ప్రవహిస్తుంది కనుక నేల తడిగా ఉన్నా ఎండిపోయినా తేడా ఉండదు. అయితే ఆ రెండు మొనలు చర్మానికి తగలాలి. జుట్టు మీద ఆగిపోతే శబ్దం తప్ప ఇంకేమీ ఉండదు.

తీగ విషయంలో మూడు జాగ్రత్తలు చెబుతాను. బయలుదేరిన తీగ మొత్తం చుట్టూ తిరిగి మళ్లీ ట్రాన్స్‌మిటర్‌కే చేరాలి, ఎక్కడ తెగినా హద్దు అంతా ఒక్కసారిగా మాయమవుతుంది. ట్రాన్స్‌మిటర్ నుంచి హద్దు వరకు వెళ్లే రెండు పోగులను ఒకదానితో ఒకటి మెలివేస్తే వాటి క్షేత్రాలు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి, అప్పుడు పశువులు ఆ భాగాన్ని నిరభ్యంతరంగా దాటగలవు. అతుకులన్నిటినీ సోల్డరింగ్ చేసి నీరు చొరని గొట్టంలో బిగించాలి. ఇళ్లకు వెళ్లే విద్యుత్ తీగల పక్కనే సమాంతరంగా దీనిని వేస్తే సంకేతం వాటిలోకి పాకి, హద్దు లేని చోట కూడా పట్టెడ మోగుతుంది. దాటక తప్పకపోతే అడ్డంగా, లంబకోణంలో దాటించండి.

కొండవాలు:

తీగలమనిషి గారు పరికరం గురించి చెప్పింది అక్షరాలా నిజం. నేను మేక గురించి చెబుతాను.

మీరు అడిగిన పనినే నేను చేశాను. కుక్కల పట్టెడలు ఆరు మేకలకు కట్టాను, తీగను జానెడు లోతున పూడ్చాను. మొదటి రోజు అవి హద్దు దగ్గర ఉలిక్కిపడి వెనక్కి గెంతాయి, నేను ఎంతో సంబరపడ్డాను. మూడో రోజు ఒక పోతు అవతల లేత చిగురు చూసింది. శబ్దం వచ్చింది, షాక్ తగిలింది, అది వెనక్కి కాకుండా ముందుకు గెంతి అవతల పడింది. షాక్ ఒక్క క్షణమే ఉంటుందని దానికి తెలిసిపోయింది. తమాషా ఏమిటంటే, అంత ధైర్యంగా వెళ్లిన ఆ పోతు సాయంత్రం ఇంటికి రావడానికి నిరాకరించింది. రాబోతే మళ్లీ షాక్ తగులుతుంది కదా! నేలలోని తీగకు పశువు ఏ వైపు నుంచి వస్తోందో తెలియదు. బయటికి వెళ్లేవాడినీ, బుద్ధి తెచ్చుకుని లోపలికి వచ్చేవాడినీ ఒకేలా కొడుతుంది. ఆ రోజు ట్రాన్స్‌మిటర్ ఆపేసి, దానిని తోలుకొచ్చేసరికి చీకటి పడింది.

మిగతా ఐదింటిలో రెండు చక్కగా నేర్చుకున్నాయి, నెలల తరబడి దాటలేదు. ఒకదాని పట్టెడ పొదలో చిక్కుకుని, నేను చూసేసరికి మేక సగం వేలాడుతూ కనిపించింది. నా అదృష్టం కొద్దీ అది బతికింది. ఆ రోజే పట్టెడలన్నీ విప్పేశాను. ఆ పట్టెడలు కుక్క మెడకు, కుక్క జుట్టుకు, కుక్క స్వభావానికి తయారైనవి. కుక్క తన యజమాని ఉన్న చోటికి తిరిగి రావాలనుకుంటుంది, మేకకు అలాంటి మొహమాటం లేదు.

మేకలమంద:

కొండవాలు గారూ, ఇంత విడమరచి చెప్పినందుకు కృతజ్ఞతలు. కుక్కల పరికరం ఆలోచన మానుకుంటున్నాను. అయితే పశువుల కోసమే తయారైన, తీగ లేకుండా ఉపగ్రహాల ద్వారా పనిచేసే పట్టెడలు కొన్ని దేశాల్లో వచ్చాయని విన్నాను. వాటిని వాడినవారు ఎవరైనా ఉన్నారా? మలుపు తిరిగి వచ్చే పశువును కూడా అవి కొడతాయా?

పచ్చికబయలు:

నేను రెండు మేత కాలాలుగా 26 ఆవులకు వాడుతున్నాను. మీ ప్రశ్నకు సూటి జవాబు ఏమిటంటే, కొట్టవు.

కుక్కల కోసం నేలతీగ పరికరం అమెరికాలో 1973లో పేటెంటు పొందింది. దానిని పశువులకు వాడాలనే ప్రయత్నాలు ఆ తర్వాత చాలానే జరిగాయి. బ్రిటన్‌లోని ఎప్పింగ్ అడవిలో, బర్నమ్ బీచెస్‌లో ఆవుల కోసమే రూపొందించిన నేలతీగ పద్ధతిని కొంతకాలం వాడారు, ఎందుకంటే జనం తిరిగే ఆ అడవుల్లో కంటికి కనపడే కంచె వేయడం వారికి ఇష్టం లేదు. జీపీఎస్ పట్టెడలు వచ్చాక లెక్క మారింది. నార్వేలోని నోఫెన్స్ సంస్థ మేకలతోనే మొదలుపెట్టి తర్వాత ఆవులకు, గొర్రెలకు విస్తరించింది. న్యూజిలాండ్‌లోని హాల్టర్ సంస్థ పట్టెడ పాడి ఆవులను శబ్దంతోనూ కంపనంతోనూ నడిపించి పాలు తీసే చోటికి కూడా రప్పిస్తుంది. ఆస్ట్రేలియాలో ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ పరిశోధన నుంచి ఈషెపర్డ్ పట్టెడ పుట్టింది. అమెరికా పచ్చికబయళ్లలో వెన్స్ పట్టెడలు కనిపిస్తాయి. పేర్లు వేరైనా లోపలి తర్కం దాదాపు ఒకటే.

ఫోనులోని పటం మీద వేలితో గీత గీస్తాం. ఆ గీత నెట్‌వర్క్ ద్వారా పట్టెడలోకి చేరి అక్కడే నిల్వ ఉంటుంది. తాను ఎక్కడ ఉన్నదో పట్టెడ జీపీఎస్ ద్వారా తెలుసుకుంటుంది. ఆవు గీత దాటబోతే శబ్దం మొదలవుతుంది, ముందుకు వెళ్లేకొద్దీ దాని స్థాయి పెరుగుతుంది. ఆవు వెనక్కి తిరిగిందా, శబ్దం ఆగిపోతుంది. తిరగకపోతే, శబ్దం చివరిదాకా వచ్చిన తర్వాత మాత్రమే ఒక షాక్ వస్తుంది. ఆవుల పట్టెడలో దాని శక్తి దాదాపు 0.2 జౌళ్లు ఉంటుంది. మామూలు కంచె ఎనర్జైజర్లకు అంతర్జాతీయ ప్రమాణం అనుమతించే గరిష్ఠ శక్తి 5 జౌళ్లు అని గుర్తుంచుకుంటే, ఈ షాక్ ఎంత చిన్నదో అర్థమవుతుంది. రెండు మూడు సార్లు షాక్ తిన్నా ఆవు ఆగకపోతే, అది తప్పించుకుపోయిందని పట్టెడ నిర్ణయించుకుని కొట్టడం మానేస్తుంది, నా ఫోనుకు కబురు పంపుతుంది. ఆ ఆవు తనంతట తాను తిరిగి లోపలికి వస్తే ఏ శబ్దమూ ఉండదు. పోతు గారి సాయంత్రపు సమస్య ఇక్కడ రాదు.

ఇక నా తప్పులు కూడా చెప్పాలి. మొదటి వారమే పటంలో గీతను అందంగా, నిటారుగా గీశాను. అది ఆవులు నీళ్లకు వెళ్లే పాత బాటకు అడ్డంగా పడిందని నాకు తట్టలేదు. మధ్యాహ్నానికి 26 ఆవులూ గీత దగ్గర గుంపుగా చేరి, దాహంతో ఒకదానినొకటి తోసుకుంటూ, ముందున్నవి షాకులు తింటూ కనిపించాయి. వెంటనే గీత చెరిపేశాను. దాహం, భయం, ఎద, ఈ మూడింటి ముందు ఏ శబ్దమూ నిలవదు. ఇంకొక తప్పు, మంద పడుకున్న చోటు మీదుగా గీత జరపడం. ఒక్క క్షణంలో సగం ఆవులు హద్దు బయట ఉన్నట్టు అయింది. గీతను ఎప్పుడూ మంద ముందు నుంచి తెరవాలి, అవి ముందుకు వెళ్లి మేస్తుంటే, చాలా సేపటి తర్వాత వెనుక భాగాన్ని మూయాలి.

పశువైద్యం:

ఈ చర్చలో అందరూ షాక్ ఎంత అనే దాని గురించే మాట్లాడుతున్నారు. నా దృష్టిలో అసలు విషయం అది కాదు, షాక్‌కు ముందు ఏమి జరుగుతుందన్నదే ముఖ్యం. శబ్దం వస్తే ఏమి చేయాలో పశువుకు అర్థమై, అలా చేస్తే షాక్ రాదన్న నమ్మకం దానికి కలిగితే, ఆ పశువు ప్రశాంతంగా ఉంటుంది. శబ్దానికీ షాక్‌కూ సంబంధం అర్థం కాని పశువుకు మాత్రం మేత భూమి అంతా ఎక్కడ కాటేస్తుందో తెలియని చోటుగా మారుతుంది, అది మూలకు చేరి మేత మానేస్తుంది. చాలా ఆవులు కొద్దిపాటి అనుభవంతోనే శబ్దానికే వెనుదిరగడం నేర్చుకుంటాయి, కానీ ప్రతి మందలోనూ నేర్చుకోనివి ఒకటి రెండు ఉంటాయి. వాటిని గుర్తించి ఈ పద్ధతి నుంచి తప్పించడం యజమాని బాధ్యత. అందుకే మొదటి రోజుల్లో నాలుగు వైపులా గట్టి కంచె ఉన్న చోట, ఒక్క వైపు మాత్రమే కనపడని గీత పెట్టి, వెనుదిరగడానికి విశాలమైన చోటు వదిలి, పట్టపగలు మీ కళ్ల ముందు నేర్పించండి. ఏ పశువుకు ఎన్ని శబ్దాలు, ఎన్ని షాకులు అన్న లెక్క ఫోనులోనే కనిపిస్తుంది. రోజులు గడిచేకొద్దీ శబ్దాలు ఉన్నా షాకులు తగ్గుతూ రావాలి. తగ్గకపోతే ఆ పశువుకు అర్థం కాలేదన్నమాట.

వయసు మీరిన ఆవుకు వినికిడి తగ్గి ఉండవచ్చు, చెవిలో చీము ఉన్న పశువుదీ అదే పరిస్థితి. దానికి హెచ్చరిక లేకుండా షాక్ మాత్రమే మిగులుతుంది. పట్టెడ కట్టే ముందు ప్రతిదానికీ వెనుక నుంచి చప్పట్లు కొట్టి చూడండి. ఇది మోటు పరీక్షే అయినా చాలా విషయాలు చెబుతుంది.

మెడ విషయానికి వస్తే, ఆవుల పట్టెడ దాదాపు ఒకటిన్నర కిలో, గొర్రెలు మేకలది దాదాపు అర కిలో బరువు ఉంటుంది. వదులుగా కడితే తిరిగిపోయి మొనలు ఆనవు, కొమ్మల్లోనూ చిక్కుకుంటుంది. బిగిస్తే చర్మం ఒరిసి పుండు పడుతుంది, పుండు మీద ఈగ వాలితే ఆ తర్వాత జరిగేది మీకు చెప్పనక్కరలేదు. ఎదిగే పశువులకు రెండు వారాలకొకసారి చేయి పెట్టి చూడాలి. గొర్రెకు ఉన్ని పెరిగేకొద్దీ మొనలు చర్మానికి దూరమవుతాయి కనుక మెడ చుట్టూ కత్తిరిస్తూ ఉండాలి. గొర్రె, మేక పిల్లలకు, చిన్న దూడలకు పట్టెడ కట్టకూడదు. అవి గీత దాటి తిరిగినా తల్లి లోపల ఉంటే సాధారణంగా తిరిగి వస్తాయి. కానీ తల్లి వెళ్లలేని చోటికి పిల్ల వెళ్లి అరుస్తుంటే, ఆ తల్లి షాక్‌ను లెక్కచేయదు. ఈనిన కొత్తలో తల్లీబిడ్డలను ఈ పద్ధతిలో ఉంచవద్దనే నేను చెబుతాను.

మేకలమంద:

ముందు నడిచే రెండు మూడింటికే పట్టెడ కడితే చాలా అని అడిగాను, ఆ ప్రశ్న మిగిలిపోయింది.

పశువైద్యం:

క్షమించండి, మరచిపోయాను. ఆస్ట్రేలియాలో గొర్రెల మీద చేసిన ఒక పరిశీలనలో మందలో మూడింట రెండు వంతుల గొర్రెలకు పట్టెడ ఉన్నప్పుడు మంద మొత్తం దాదాపుగా నిలిచింది, మూడింట ఒక వంతుకే ఉన్నప్పుడు నిలవలేదు. పట్టెడ లేనివి బయటికి నడిస్తే, ఉన్నవి ఒంటరిగా మిగలడం ఇష్టం లేక షాక్ తిని మరీ వాటి వెంట వెళ్లాయి. గొర్రె గుంపును వదలదు కనుక ఆ మాత్రమైనా పనిచేసింది. మేకలో ఆ లక్షణం తక్కువ. కాబట్టి మేకలకైతే అన్నిటికీ కట్టండి, లేదా ఒక్కదానికీ కట్టవద్దు.

కొండవాలు:

పచ్చికబయలు గారి మాటలు చదువుతుంటే ఎవరికైనా ఆశ పుడుతుంది, అందుకే ఒక ప్రశ్న వేస్తున్నాను. కంచె పని లోపలివి బయటికి పోకుండా చూడడం ఒక్కటేనా? రాత్రి కుక్కల గుంపు వస్తే మీ గీత వాటిని ఆపుతుందా? పక్కవారి ఎద్దు మీ మందలోకి వస్తే దాని మెడకు పట్టెడ లేదు కదా? పైగా కుక్కలు తరిమినప్పుడు పారిపోయే పశువుకు ముందు శబ్దం, తర్వాత షాక్. వెనుక పళ్లు, ముందు మొనలు. బెదిరిన పశువును రెండు వైపుల నుంచీ హింసించడమే అవుతుంది.

పచ్చికబయలు:

మీరు చెప్పింది ఒప్పుకుంటాను, అందులో వాదించడానికి ఏమీ లేదు. కనపడని కంచె పట్టెడ ఉన్న పశువును మాత్రమే, అదీ ఒక్క దిశలోనే ఆపుతుంది. బయటి నుంచి వచ్చే దేనికీ అది అడ్డు కాదు. వేగంగా పరుగెత్తే పశువును హద్దు దగ్గర వదిలేసేలా కొన్ని పట్టెడలను తయారు చేశారు, అయినా దాని మీద భరోసా పెట్టుకోలేం.

నేను దీనిని వెలుపలి కంచెగా వాడడం లేదు. నా భూమికి చుట్టూ పాత కంచె ఎప్పటి నుంచో ఉంది. దాని లోపల ఇంతకుముందు రోజూ గుంజలు పీకి, తీగ చుట్టి, మళ్లీ పాతి, మందను ముక్క ముక్కగా మేపేవాడిని. ఇప్పుడు ఆ లోపలి గీతలన్నీ ఫోనులో ఉన్నాయి. పశువులు తొక్కితే కరిగిపోయే వాగు ఒడ్డును, కొత్తగా చిగురించే పచ్చికను, బురద గుంటను వదిలించి మేపగలుగుతున్నాను. అమెరికాలోని ఓరెగాన్‌లో మంటలకు కాలిపోయిన పచ్చికబయలు కోలుకునే వరకు ఆవులను అందులోకి పోనివ్వకుండా ఆపడానికి కూడా ఇలాంటి పట్టెడలనే వాడి చూశారు. అక్కడ ఒకటి రెండు ఆవులు దాటినా కొంప మునగదు. దాటితే కొంప మునిగే చోట, అంటే బాట పక్కన, లోయ అంచున, పంట చేను గట్టు మీద, కనపడని గీతను నమ్మవద్దు. నా మాట కూడా అంతే.

కొండవాలు:

అలాగైతే మనిద్దరి మధ్య తగాదా లేదు. మీరు దానిని కంచె అనడం వల్ల వచ్చిన గొడవ ఇది. గీత అనండి, నేను ఊరుకుంటాను.

కొత్తచిగురు:

ఈ చర్చను ఆసక్తిగా చదువుతున్నాను. పందులకు, గుర్రాలకు కూడా ఇవి పనికి వస్తాయా?

పశువైద్యం:

పంది మెడ తలకన్నా లావుగా ఉంటుంది, పట్టెడ నిలవదు. గుర్రం ఉలిక్కిపడితే ముందుకు దూకి పరుగెత్తే జంతువు కనుక నేను సలహా ఇవ్వను. ఆ రెండింటికీ కంటికి కనపడే పట్టీ కంచెలే మేలు.

తీగలమనిషి:

జీపీఎస్ గురించి ఒక మాట చేర్చాలి. ఆకాశం తెరిచి ఉన్న చోట అది చూపే స్థానంలో తేడా కొద్ది మీటర్లే ఉంటుంది, కానీ దట్టమైన చెట్ల కింద, నిటారు కొండ పక్కన, రేకుల షెడ్డు గోడల దగ్గర సంకేతాలు తగిలి తిరిగి వస్తాయి కనుక ఆ తేడా చాలా పెరుగుతుంది. ఆవు కదలకుండా నెమరు వేస్తున్నా పట్టెడకు అది నడుస్తున్నట్టు కనిపిస్తుంది. మంచి పట్టెడలు స్థానం మీద నమ్మకం లేనప్పుడు షాక్ ఇవ్వకుండా ఊరుకుంటాయి. అది పశువుకు మేలే, కానీ ఆ సేపు మీకు హద్దు లేనట్టే. మేకలమంద గారి స్థలంలో ఒక అంచు పొదలతో, వాలుతో ఉందని చెప్పారు కనుక పట్టెడలు తెప్పించే ముందు ఫోను పట్టుకుని ఆ అంచు వెంట రెండు మూడు పూటలు నడిచి, చుక్క ఎటు తిరుగుతోందో చూడండి. నెట్‌వర్క్ కూడా అక్కడక్కడా చూసుకోండి. నెట్‌వర్క్ పోయినా పాత గీత పట్టెడలో పనిచేస్తూనే ఉంటుంది, కానీ కొత్త గీత చేరదు, తప్పించుకున్న కబురు మీకు రాదు. కొన్ని పద్ధతుల్లో నెట్‌వర్క్ బదులు సొంత టవరు పెట్టుకుంటారు.

ఇంకొకటి గట్టిగా చెప్పక తప్పదు. ఎవరైనా కుక్కల పట్టెడ విప్పి షాక్ పెంచాలని గాని, ఇంటి కరెంటును నేరుగా కంచె తీగకు కలపాలని గాని ఆలోచిస్తుంటే, వెంటనే మానుకోండి. ఎనర్జైజర్ ఇచ్చేది సెకనులో అతి చిన్న భాగం మాత్రమే ఉండే తాకిడి, కాబట్టి పశువు గాని మనిషి గాని పట్టు వదిలి వెనక్కి జరగగలరు. ఇంటి కరెంటు ఆగకుండా ప్రవహిస్తుంది, కండరాలు బిగుసుకుని చేయి వదలదు. దానిని కంచె అనకూడదు, ఉరి అనాలి.

నిర్వాహకులు:

సభ్యులకు ఒక గమనిక. ఎలక్ట్రానిక్ షాక్ పట్టెడల మీద నిబంధనలు దేశానికొక రకంగా ఉన్నాయి. వేల్స్‌లో 2010 నుంచి కుక్కలకు, పిల్లులకు ఇవి నిషిద్ధం. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్, టాస్మేనియా పశువులకు వీటిని ముందే అనుమతించగా, మరికొన్ని రాష్ట్రాలు చాలాకాలం అనుమతించలేదు. కొనే ముందు మీ ప్రాంతపు జంతు సంరక్షణ నిబంధనలను, బాట మీదికి పశువు వస్తే ఎవరు బాధ్యులన్న నిబంధనను కూడా చూసుకోవలసిందిగా మనవి.

మేకలమంద:

ఏడు వారాల తర్వాత తిరిగి రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించాలి. మీ సలహాలు అన్నీ చదివి, నడిచి చూసి, చివరికి పనిని మూడుగా విడగొట్టాను. బాట వైపు అంచుకు, ఎంత కష్టమైనా రాళ్లలో గుంజలు దించి, వల కంచె వేయించాను. మేకలకు పట్టెడలు కట్టలేదు. పొదల అంచున ఫోను చుక్క ఒక చోట నిలవకపోవడం నా కళ్లతో చూశాక ధైర్యం చాలలేదు, వాటిని మునుపటిలాగే వెంట ఉండి మేపుతున్నాను. నాలుగు ఆవులకు మాత్రం జీపీఎస్ పట్టెడలు పరీక్షగా తెచ్చుకున్నాను.

మొదటి రెండు రోజులు నాలుగూ గందరగోళపడ్డాయి. మూడో రోజు నుంచి మూడు ఆవులు శబ్దానికే తిరుగుతున్నాయి. పోయిన వారం లెక్కలో వాటికి శబ్దాలు 41, షాకులు 2. నాలుగోది ముసలి ఆవు. దానికి మొదటి నుంచీ శబ్దాలు ఎన్నో, షాకులు అన్నే ఉన్నాయి. పశువైద్యం గారు చెప్పిన చప్పట్ల పరీక్ష నేను ముందే చేసి ఉండవలసింది, బద్ధకించాను. ఆ సాయంత్రం దాని వెనుక నిలబడి ఎంత గట్టిగా చప్పట్లు కొట్టినా అది చెవి కూడా కదపలేదు. వెంటనే పట్టెడ విప్పేశాను. ఇప్పుడు అది పట్టెడ లేకుండానే మిగతా మూడింటి వెంట తిరుగుతోంది, వాటిని వదిలి ఎక్కడికీ పోవడం లేదు.

ఒక చిన్న సందేహం మిగిలింది. కుక్క కోసం పాతికేళ్ల కిందట ఇంటి వెనుక పూడ్చిన తీగ ఇంకా నేలలోనే ఉంది. దానిని అలాగే వదిలేయవచ్చా?

తీగలమనిషి:

ట్రాన్స్‌మిటర్ తీసేస్తే ఆ తీగలో ఏమీ ఉండదు, షాక్ గురించి భయపడనక్కరలేదు. కానీ వానలకు మట్టి కొట్టుకుపోయి ఎక్కడో ఒక చోట అది పైకి తేలుతుంది, మేకలు దానిని నమలడానికి ప్రయత్నిస్తాయి, లేదా అది వాటి కాలికి చుట్టుకుంటుంది. నేల తడిగా ఉన్నప్పుడు ఒక కొస పట్టుకుని మెల్లగా లాగితే చాలా వరకు తెగకుండా వచ్చేస్తుంది. తెగిన చోట గుర్తు పెట్టుకుని, మిగిలిన ముక్కను తవ్వి తీయండి.

పశువైద్యం:

తీసిన తీగ ముక్కలన్నీ లెక్కపెట్టుకుని మేత దగ్గర ఒక్కటి కూడా పడకుండా చూడండి. ఆవు మేతతో పాటు మింగిన తీగ ముక్క కడుపు గోడను చీల్చుకుని గుండె దాకా పోయిన సందర్భాలు నేను చూశాను. ముసలి ఆవుకు చెవిలో చీము ఉందేమో కూడా ఒకసారి చూపించండి, అది వయసు వల్ల వచ్చిన చెవుడే కానక్కరలేదు.

మేకలమంద:

ఈ రోజు ఉదయమే తీగ లాగేశాను. రెండు చోట్ల తెగింది, రెండు ముక్కలూ దొరికాయి. ఆవును రేపు చూపిస్తాను.